మాఘమాసంలో పులస

లెక్కల మాస్టారు జ్ఞానప్రకాశం గారి పేరు మా ఊళ్ళో ఎవరి దగ్గర ఎత్తినా ముందు నవ్వుతారు. నవ్వడం అయ్యాక, "దేవుడిలాంటి మనిషండి. చేపల సంగతి మాత్రం ఆయన్ని అడక్కండి" అంటారు. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకి భిన్నాలూ బీజగణితమూ చెప్పి, ఈ జూన్‌లో రిటైరవబోతున్న మనిషికి చివరికి దక్కిన బిరుదు ఇదీ.

ఆ బిరుదు ఆయనకి ఎలా వచ్చిందో అసలు సంగతి తెలిసినవాళ్ళం అతి కొద్దిమందిమి. ఆయన, నేను, ఒక తండ్రి, ఇప్పుడు ఇంటర్ చదువుతున్న ఒక అమ్మాయి. రాయమంటావా అని ఆ అమ్మాయినే అడిగాను. "రాసుకోండి సార్, ఇప్పుడేం పర్లేదు" అంది. మాస్టారు మాత్రం, "రాస్తే రాయండి గానీ ఊరి పేరు వెయ్యకండి" అన్నారు. వెయ్యడం లేదు. నిడదవోలుకి ఆరు కిలోమీటర్ల దూరంలో, కాలవ గట్టు పక్కన ఉన్న హైస్కూలు అనుకోండి చాలు. అక్కడ నేను సోషల్ చెబుతాను.

ముందు ఒక విషయం చెప్పాలి. చేపల సంగతిలో ఒకప్పుడు ఆయన మాటే సుప్రీంకోర్టు తీర్పు. మొప్ప ఎత్తి చూసి ఏ రేవులో పట్టిందో చెప్పేవారు. శ్రావణమాసంలో గోదావరికి వరద ఎర్రనీళ్ళు వచ్చి పులస ఎక్కిందంటే, మా స్కూలు కమిటీ ఛైర్మన్ వెంకటరాజు గారు బుల్లెట్ వేసుకుని వచ్చి, లెక్కల పీరియడ్ అయ్యేదాకా గేటు బయట కాచుకుని కూర్చుని, మాస్టార్ని వెనకాల ఎక్కించుకుని రేవుకి తీసుకెళ్ళేవారు. సముద్రంలో ఉన్నన్నాళ్ళూ ఆ చేప ఇలస. గోదాట్లోకి ఎదురీది తీపినీళ్ళు తాగితేనే పులస. చూపుకి రెండూ ఒకటే. ఇలసని పులస అని చెప్పి అంటగట్టేవాళ్ళు రేవు నిండా ఉంటారు. మోసపోయినవాడు మా వైపు పెళ్ళిళ్ళలో పదేళ్ళపాటు తలెత్తుకు తిరగలేడు. మాస్టారు పక్కనుంటే ఆ భయం లేదు.

చేపలే కాదు, ఏ కూరైనా సరే. ఒకసారి స్టాఫ్‌రూములో నా క్యారేజీ మూత ఇంకా తియ్యనేలేదు. "సోషల్ గారూ, తోటకూర పులుసు నిన్నటిది వేడి చేసి పెట్టారు కదండీ ఇంట్లో?" అన్నారు. నిన్నటిదే. స్టాఫ్‌రూమంతా విన్నది. ఆ మాట ఇంట్లో మా ఆవిడతో చెప్పి రెండో తప్పు నేను చేశాను, అది వేరే కథ.

మూడేళ్ళ క్రితం డిసెంబర్లో మా అందరికీ రెండు రోజులు ట్రైనింగు పెట్టారు. ఒక చిన్న వయసు మేడమ్ గారు వచ్చి, "ప్రతి విద్యార్థితోనూ ప్రతిరోజూ ఒక మాట మాట్లాడండి. పాఠం గురించి కాదు, వాళ్ళ గురించి. గేటు దగ్గర నిలబడి పేరు పెట్టి పలకరించండి" అన్నారు. మేమందరం చప్పట్లు కొట్టాం. నేనైతే వాళ్ళిచ్చిన పుస్తకంలో అప్పటికే రెండు తామరపూలు వేసి మూడో దానికి రేకులు దిద్దుతున్నాను. జ్ఞానప్రకాశం గారు మాత్రం ఆ వాక్యం రాసుకుని, జేబులోంచి స్కేలు తీసి కింద గీత గీశారు.

సోమవారం పొద్దున్న చూస్తే ఆయన గేటు దగ్గర ఉన్నారు. ఇస్త్రీ తెల్లచొక్కా, చంకలో హెల్మెట్టు. తన ఎనిమిదో తరగతి పిల్లలు నలభైముగ్గురినీ పలకరించడం ఆయన కార్యక్రమం.

"ఏమ్మా, బాగున్నావా?"

"బాగున్నానండి."

నలభైమూడు "బాగున్నానండి"లు వచ్చాయి. లెక్కల మాస్టారు గేటులో కాపలా కాస్తున్నారంటే హోంవర్కు చూడ్డానికే అనుకుని ముగ్గురు మగపిల్లలు వెనక గోడ దూకారు. మర్నాడు ప్రశ్న మార్చి, పెద్దయ్యాక ఏమవుతావని అడిగారు. అందరూ కలెక్టరే అన్నారు. "జిల్లాలు ఎన్ని పెంచినా సరిపోవండి సోషల్ గారూ" అని నీరసంగా కూర్చున్నారు.

నాలుగోరోజు ఆయన ఆకలిమీద ఉన్నారో ఏమో, ఎదురుగా వచ్చిన గణేష్‌బాబుని చూసి, మా గోదావరి వాళ్ళం ఎదురింటివాళ్ళనీ, బస్సులో పక్కసీటువాళ్ళనీ అడిగే ప్రశ్నే నోరుజారి అడిగేశారు.

"ఏరా, రాత్రి ఏం కూర?"

గణేష్‌బాబు పడవమీద చేపలు పట్టే వాళ్ళబ్బాయి. "ప్రెజెంట్ సార్" తప్ప ఇంకో మాట వాడి నోట మేమెవరం వినలేదు.

"మట్టగిడసల పులుసండి. మా అమ్మ టమాటాలేసిందండి. మా నాన్నేమో చింతపండే వెయ్యాలన్నాడండి. ఇద్దరూ పోట్లాడుకున్నారండి. మా నాన్న అలిగి పడవలో పడుకున్నాడండి. పొద్దున్నే వచ్చి మళ్ళీ ఆ పులుసే తిన్నాడండి."

మాస్టారు నావైపు తిరిగారు. ఏదో సిద్ధాంతం రుజువైనప్పటి మొహం అది.

అప్పట్నించి రోజూ అదే ప్రశ్న. కూర వెనకాల ఇల్లంతా నడిచి వచ్చేసేది. మంగళవారం పూట కోడికూర అంటే చుట్టాలొచ్చినట్టు. వరసగా ఆవకాయ అంటే తల్లికి ఒంట్లో బాగోలేనట్టు. "మీ అమ్మని ఆస్పత్రిలో చూపించారా?" అని ఈయన అడిగితే పిల్లలు నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. వెంకటరాజు గారి మనవరాలు సత్యశ్రీ ఒకసారి, "మూడురోజుల్నించీ పప్పుచారేనండి" అని మొహం ముడుచుకుంది. మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి, "తాతగారి పళ్ళు పీకించేశారా?" అన్నారు. పీకించేశారు. కొత్త పళ్ళకి కొలత కూడా ఇచ్చారు.

నాలుగురోజులు పోయాక పిల్లలు ఎదురు అడగడం మొదలెట్టారు. "మీ ఇంట్లో ఏంటండి?" ఆయన కూడా దాచకుండా చెప్పేవారు. గుత్తొంకాయ అనో, దొండకాయ వేపుడనో, కొబ్బరి వేసిన బీరకాయనో. ఆయన భార్య ప్రసన్నకుమారి గారు చెయ్యి తిరిగిన మనిషని మాకందరికీ తెలుసు. వాళ్ళు నిడదవోలులో ఉంటారు. ఆ వంట తలుచుకుంటూ మేము మా క్యారేజీలు విప్పుకునేవాళ్ళం.

జనవరిలో వినీల వచ్చింది. సామర్లకోట నుంచి టీసీ తెచ్చుకుని ఎనిమిదిలో చేరింది. తండ్రి బుల్లిరాజు మా ఊరి రైస్ మిల్లులో మిషను దగ్గర పని. ఆ పిల్ల మనిషి సన్నం, మాట ఇంకా సన్నం.

"ఏం కూరమ్మా?"

"గుడ్డండి."

రెండోరోజు గుడ్డే. మూడోరోజు, నాలుగోరోజు కూడా గుడ్డే. మధ్యాహ్నం బడి భోజనంలోనూ గుడ్డు పెడతారు కాబట్టి, ఆ పిల్ల రెండుపూటలా గుడ్డుమీదే బతుకుతోందన్నమాట. మాస్టారు మిగతావాళ్ళ దగ్గరైతే ఆగి, మసాలా ఏం వేశారు, పోపు ఎప్పుడు పెట్టారు అని ఆరాలు తీసేవారు. గుడ్డు దగ్గర ఆరా తియ్యడానికేముంది? అయిదోరోజు ఏదో ఒకటి అనాలి కదా అని,

"మీ ఇంటి కోళ్ళు ఒక్కరోజైనా సెలవు పెట్టవా అమ్మా?" అన్నారు.

వెనకాల వరసలో ఉన్నవాళ్ళందరూ ఘొల్లుమన్నారు. పక్కనున్న నేనూ నవ్వాను. వినీల కూడా నవ్వింది. పిల్లలు అలా నవ్వేస్తారు. మనం చూసి, సరిపోయిందిలే అనుకుంటాం.

మర్నాడు అదే పిల్ల గేటు దగ్గరికి వచ్చి, "పనసపొట్టు కూరండి" అంది.

మాస్టారు చేతిలో హెల్మెట్టు కింద పెట్టేశారు. "ఆవ పెట్టారా?"

"పెట్టేమండి. ఆవ ముందే కలిపేస్తే చేదొస్తుందని, దించాక కలిపేమండి."

"అద్గదీ!"

ఇక చూడండి. కంద బచ్చలి. గోంగూర రొయ్యలు. ములక్కాడా జీడిపప్పూ. బొమ్మిడాయిల పులుసు. రోజుకొకటి, చేసే పద్ధతితో సహా. రొయ్యల్లో నీళ్ళు ఇగిరేదాకా గోంగూర వెయ్యకూడదనీ, బొమ్మిడాయిలని బూడిదతో రుద్దకపోతే జిగురు వదలదనీ ఆ పిల్ల చెబుతుంటే తొమ్మిదో తరగతి వాళ్ళు కూడా వచ్చి నిలబడేవాళ్ళు. మాస్టారు గుటకలు మింగుతూ లెక్కల క్లాసుకి వెళ్ళేవారు. "ఆ తల్లెవరో గానీ ఆవిడ చేతికి దణ్ణం పెట్టాలండి సోషల్ గారూ" అనేవారు నాతో. చూస్తుండగానే వినీల మాట కూడా పెరిగింది. బోర్డు మీదకి వచ్చి లెక్క చేసింది. ట్రైనింగు మేడమ్ గారికి ఫోన్ చేసి చెబుదామా అనుకున్నాం.

ఫిబ్రవరి మొదట్లో ఒక గురువారం.

"ఇవాళేంటమ్మా?"

"పులస పులుసండి."

గేటు దగ్గర ఒక్కసారి చప్పుడాగిపోయింది. మాఘమాసం. గోదాట్లో మోకాల్లోతు నీళ్ళు, ఇసక తిప్పలమీద పుచ్చకాయ పాదులు. ముందుగా తేరుకున్నవాడు గణేష్‌బాబు.

"ఇప్పుడు పులసేంటే! మా నాన్న రోజంతా గోదాట్లోనే ఉంటాడు. పులస వరదకి కదా ఎక్కేది. కోతలు కోత్తంది సార్!"

ఒకళ్ళు నవ్వారు. పదిమంది అందుకున్నారు. వినీల మొహంలోంచి రక్తం దిగిపోవడం నాకు కనిపించింది. ఇంకొక్క నిమిషం ఆగితే ఆ పనసపొట్టు దగ్గర్నించీ ప్రతి కూరా బయటపడుతుంది. అప్పుడు మాస్టారి గొంతు వినపడింది.

"ఎందుకు దొరకదురా? మా ఇంట్లోనూ రాత్రి అదే."

నవ్వులు ఆగిపోయాయి. చేపల్లో ఆయన మాటకి ఎదురు చెప్పే ధైర్యం గణేష్‌బాబు నాన్నకే లేదు, వీడికెక్కడిది? పిల్లలు లోపలికి వెళ్ళిపోయారు. ప్రతి ఆదివారం లూథరన్ చర్చిలో సండే స్కూలు పిల్లలకి పది ఆజ్ఞలు అప్పజెప్పించే మనిషి, అబద్ధం చెప్పిన నోటిని రుమాలుతో తుడుచుకున్నారు.

సాయంత్రం నాలుగింటికల్లా బుల్లెట్ చప్పుడైంది.

వెంకటరాజు గారు స్టాఫ్‌రూములోకి వచ్చి కూర్చోలేదు. కొత్తగా కట్టించుకున్న పళ్ళు ఆయన మాటకంటే ఒక క్షణం వెనకాల కదులుతున్నాయి.

"మాస్టారండీ, నేను మీకేం అపకారం చేశానండి?"

"అయ్యో, అదేంటండి రాజుగారూ!"

"మాఘమాసంలో పులస తిని, నాకు ఒక్క ముక్క చెప్పకుండా ఉంటారా? సత్యశ్రీ చెప్పబట్టి తెలిసింది గానీ. ఈ పళ్ళు పెట్టించుకుని పదిరోజులైందండి. ఇడ్లీ తప్ప ఇంకోటి కొరకలేదు. మొదట కొరికితే అదే కొరకాలని కూర్చున్నాను."

"అది ముళ్ళ చేప కదండీ, కొత్త పళ్ళకి..."

"ముళ్ళకోసమే కట్టించానండి! ఏ రేవో చెప్పండి."

"ఒకాయన తెచ్చిచ్చాడండి."

"ఎవరాయన?"

"తెలిసినాయనేనండి."

"సరే, మీరు చెప్పకపోతే మానెయ్యండి. ఆ పిల్ల తండ్రి మిల్లులో ఉన్నాడుగా. అతన్నే అడుగుతాను."

మాస్టారు హెల్మెట్టు వెతుక్కుని బయటికి వచ్చేసరికి బుల్లెట్ కాలవ వంతెన దాటేసింది.

మిల్లులో ఏం జరిగిందో మాకు మర్నాడు తెలిసింది. రాజుగారు వెళ్ళి ధాన్యం కాటా దగ్గర పదిమంది ఉండగా అడిగారు. బుల్లిరాజు కంగారుపడి, "పులసేంటండి బాబూ, మా ఇంట్లో రోజూ గుడ్డేనండి. నాకు అదొక్కటే వచ్చండి" అన్నాడు. పదిమందీ నవ్వారు. చీకటి పడేసరికి ఊళ్ళో వినీల పేరు మారిపోయింది. కాలవ గట్టుమీద పిల్లలు "పులసా! ఓ పులసా!" అని పిలవడం మొదలెట్టారు.

శుక్రవారం వినీల బడికి రాలేదు. శనివారమూ రాలేదు. హాజరు పట్టీ పిలుస్తున్నప్పుడు ఆ పేరు దగ్గర మాస్టారు ఆగి, కళ్ళజోడు తుడుచుకుని, ముందుకు వెళ్ళారు. మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి, "ఆ పిల్లని సోమవారం సామర్లకోటలో మేనత్త దగ్గర దింపేస్తాడటండి. ఇక బడికి వెళ్ళనని కూర్చుందట" అన్నారు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "కోళ్ళ మాట నేను అన్నాను కదండీ" అన్నారు.

"నేనూ నవ్వాను లెండి" అన్నాను.

బడి అయ్యాక ఇద్దరం కలిసి వెళ్ళాం. మిల్లు వెనకాల రేకుల గది. బుల్లిరాజు పొయ్యి దగ్గర నిలబడి ఉల్లిపాయలు కోస్తున్నాడు. మమ్మల్ని చూసి కత్తి ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకోబోయాడు. ఉన్నది ఒక్కటే ప్లాస్టిక్ కుర్చీ. మాస్టారు కూర్చున్నారు, నేను బియ్యం బస్తా మీద కూర్చున్నాను. గదికి అడ్డంగా చీర కట్టి ఉంది. దాని వెనకాల వినీల ఉందని కింద కనిపించే పాదాల వల్ల తెలుస్తోంది.

"చెప్తే వినట్లేదండి. తలుపు దాటి రాదంట" అన్నాడు బుల్లిరాజు.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. సరిగ్గా అప్పుడే గోడకి ఆనించి ఉన్న ఫోన్ మోగింది. వీడియో కాల్. బుల్లిరాజు ఎత్తగానే ఒకావిడ మొహం కనిపించింది. వెనకాల తెల్లటి గోడలు, మెరిసే పెద్ద వంటగది.

"మా ఆడమనిషండి, రామతులసి. కువైట్‌లో ఒకరింట్లో పని. మూడేళ్ళయింది" అని ఫోన్ మాస్టారి వైపు తిప్పాడు. "మాస్టారొచ్చారే."

"మాస్టారాండీ! నమస్కారమండి!" ఆవిడ గబగబా చెంగు సర్దుకుంది. "మీరు రోజూ ఏం కూరని అడుగుతారంటండి కదా. మా వినీల చెప్పిందండి. రోజూ గుడ్డంటే బాగోదమ్మా, నేనే ఉంటే ఇవాళ ఇది వండేదాన్ని అని రోజుకొకటి చెప్తానండి దానికి. ఎలా చెయ్యాలో కూడా చెప్తాను. ఇక్కడ వీళ్ళ వంటలు వండుతూ మన వంట మర్చిపోతానేమోనని నాకూ భయమండి."

 నేను బస్తామీది కుట్టు చూస్తున్నాను.

"మొన్న బుధవారం పులస చెప్పేనండి. ఇక్కడ ఎండా చలీ తప్ప వరదనేది ఉండదు కదండీ, ఫోన్ పెట్టేశాక గానీ నాకు వెలగలేదు, అక్కడ మాఘమాసం కదా అని. పిల్ల గానీ బళ్ళో చెప్పలేదు కదండీ? నవ్వులపాలైపోతుందండి."

చీర వెనకాల పాదాలు కదల్లేదు.

"లేదమ్మా, చెప్పలేదు. ఆ రోజు నేనే గేటు దగ్గరికి ఆలస్యంగా వచ్చాను" అన్నారు మాస్టారు.

గురువారం నుంచి ఇది రెండో అబద్ధం. ఈసారి రుమాలు తియ్యలేదు.

బుల్లిరాజు ఫోన్ మళ్ళీ గోడకి ఆనించాడు. తర్వాత మాస్టారు కుర్చీని చీరవైపు తిప్పుకున్నారు.

"వినీలా, నీకొక సంగతి చెప్పాలమ్మా. మా ఇంట్లో నాలుగు నెలలుగా పొయ్యి వెలగలేదు. మా అమ్మాయి ఆశాజ్యోతికి కవలలు పుట్టారు. మా ఆవిడ వైజాగులో దాని దగ్గరే ఉంది. నాకు నీళ్ళు కాచుకోవడం కూడా సరిగ్గా రాదు. నిడదవోలు స్టేషన్ రోడ్డులో కర్రీ పాయింటు ఉంది. అక్కడ కొనుక్కుంటున్నాను. హెల్మెట్టు తియ్యకుండా."

నేను బస్తామీంచి జారబోయాను.

చీర వెనకాల నుంచి సన్నటి గొంతు వచ్చింది. "హెల్మెట్టు ఎందుకండి?"

"ఎవరైనా చూస్తారని."

"మరి ఆ గుత్తొంకాయండి?"

"అదీ ప్యాకెట్టేనమ్మా. రబ్బరు బ్యాండు వేసి ఇస్తాడు."

"కొబ్బరి బీరకాయండి?"

"కొబ్బరి ఉందని వాడు అంటాడు. నాకెప్పుడూ తగల్లేదు."

చీర వెనకాల కిసుక్కుమంది. బుల్లిరాజు కూడా కత్తి పొయ్యిగట్టు మీద పెట్టి నవ్వేశాడు. ఆ ఊపులోనే మమ్మల్ని అన్నానికి ఉండమన్నాడు. అయిదున్నరకి అన్నమేంటని నేను మొహమాటపడుతుంటే మాస్టారు అప్పటికే చేతులు కడుక్కుంటున్నారు. గుడ్డు పులుసు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగారు.

"దించేముందు మెంతిపిండి చల్లారు."

"ఆవిడే చెప్పిందండి ఫోన్లో" అన్నాడు బుల్లిరాజు.

"ఇంత మంచి పులుసుని పట్టుకుని ఆ కోళ్ళ మాట అన్నానమ్మా, తప్పు నాది" అన్నారు చీరవైపు చూసి. 

చీర కాస్త తొలగింది. "అందరూ నన్ను పులసంటన్నారండి. నేను రాను."

"సోమవారం ఒక్కరోజు గేటు దాకా రా. నిన్నెవరూ ఏమీ అనరు. నన్ను అంటారు."

ఏం చెయ్యబోతున్నారో తిరుగుదారిలో నాకూ చెప్పలేదు.

సోమవారం గేటు దగ్గర జనం ఎక్కువగానే ఉన్నారు. సత్యశ్రీని దింపే వంకతో వెంకటరాజు గారు కూడా వచ్చి బుల్లెట్ మీద అలాగే కూర్చున్నారు. బుల్లిరాజు సైకిలు మీద వినీలని తెచ్చి వంతెన దగ్గర ఆపాడు. పిల్ల దిగలేదు, క్యారియర్ మీదే కూర్చుంది. దిగితే బడి, దిగకపోతే సాయంత్రం సామర్లకోట పాసింజరు.

మాస్టారు హెల్మెట్టు నా చేతికిచ్చి, పిల్లల వరస ఆపారు.

"ఇవాళ ముందు నా కూర చెబుతాను. గురువారం మా ఇంట్లో పులస అన్నాను. ఆ వారమే ఒకడొచ్చి, రాజమండ్రి రేవులో పడింది మాస్టారూ, అకాలంలో ఒక్కటి ఎక్కింది అని చెప్పి అంటగట్టాడు. నేను నమ్మి కొని వండించాను. సగం డబ్బాలో పెట్టి, మిల్లు దగ్గర ఆగి, ఈ వినీల చేతికిచ్చాను. వాళ్ళ నాన్న డ్యూటీలో ఉన్నాడు, ఆయనకి తెలీదు. పులసమ్మా తినండి అని నేను చెబితే ఆ పిల్ల అదే పేరు చెప్పింది. తర్వాత నిదానంగా చూసుకుంటే..." ఇక్కడ ఆయన గొంతు నిజంగానే తడబడింది. "అది ఇలస."

నేను మా ఊళ్ళో చాలా విన్నాను. ఎన్నికల్లో డిపాజిట్ పోయినవాళ్ళని చూశాను. అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. గణేష్‌బాబు నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

వెంకటరాజు గారు బుల్లెట్ దిగి నెమ్మదిగా దగ్గరికి వచ్చారు. చావు కబురు విన్నవాళ్ళు మాట్లాడే గొంతుతో అడిగారు.

"మీరాండీ? ఇలసని... మీరాండీ?"

"నేనేనండి రాజుగారూ."

"మొప్ప చూళ్ళేదా అండి?"

"చూశానండి. తెలీలేదు."

రాజుగారు కాసేపు కాలవవైపు చూశారు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. పళ్ళు ఆ వెనకాల కదిలాయి. ఉన్నట్టుండి ఉలిక్కిపడి, "మరయితే ఇన్నేళ్ళూ శ్రావణమాసంలో మీరు నాకు ఏరి పెట్టినవేంటండి?" అన్నారు.

ఇది మాస్టారు ఊహించినట్టు లేదు. ఆయన నోరు ఒకసారి తెరుచుకుంది. అవన్నీ మేలురకం పులసలని, ఒక్కటి కూడా తప్పలేదని ఆయనకి తెలుసు. నాకు తెలుసు. ఆ చేపలకే తెలుసు. నోరు మళ్ళీ మూసుకుంది.

"ఏమోనండి" అన్నారు.

రాజుగారు బుల్లెట్ స్టార్ట్ చెయ్యడం కూడా మర్చిపోయి, దాన్ని తోసుకుంటూ వెళ్ళిపోయారు.

వంతెన దగ్గర సైకిలు స్టాండ్ పడ్డ చప్పుడైంది. వినీల వచ్చి వరసలో చివర నిలబడింది. "పులసా" అని ఎవరూ అనలేదు. అందరూ మాస్టారి వైపు చూసి నోళ్ళు నొక్కుకుంటున్నారు. దాని వంతు వచ్చింది.

"ఏం కూరమ్మా?"

"గుడ్డండి" అంది వినీల, గేటు అవతలికి కూడా వినపడేలా. "మెంతిపిండి వేసిందండి. మీదేంటండి?"

ఆయన ఒకసారి నావైపు చూశారు. ఇక దాచడానికి ఏం మిగిలింది గనక?

"కర్రీ పాయింటు దొండకాయమ్మా."

ఆ ఒక్క మాటతో ఊరు రెండోసారి అదిరింది. ఇలస సంగతికి నవ్వినవాళ్ళే, మాస్టారు నాలుగు నెలలుగా కొనుక్కు తింటున్నారని తెలిసి ఊరుకోలేకపోయారు. మంగళవారం ఆయన బల్లమీద పదకొండు డబ్బాలున్నాయి. బుధవారం నుంచి సత్యశ్రీ పట్టీ రాసి వంతులు పెట్టింది. గురువారం వంతు వినీలది, అది గుడ్డు. ఏప్రిల్లో ప్రసన్నకుమారి గారు వైజాగు నుంచి తిరిగొచ్చేసరికి మాస్టారి ప్యాంట్లు ఒక్కటీ బొత్తం పడటం లేదు. ఆవిడ నన్నే నిలదీశారు.

ఆ రోజు గేటు దగ్గర్నించి క్లాసుకి వెళ్తుంటే నేను ఉండబట్టలేక అడిగాను. "మరి అబద్ధం కదండీ మాస్టారూ? మూడోది."

"ఆ సంగతి ఆదివారం ఆయనతో మాట్లాడుకుంటాను లెండి" అన్నారు. రెండడుగులు వేసి ఆగారు. "ఆయన క్షమిస్తాడండి. రాజుగారితోనే వచ్చింది చిక్కు."

నిజమే. ఆ ఏడు శ్రావణంలో ఎర్రనీళ్ళు వచ్చాయి. బుల్లెట్ మా గేటు ముందునుంచే వెళ్ళింది, ఆగలేదు. రాజుగారు సొంత కళ్ళతో ఏరి, సొంతంగా పులస తెచ్చుకున్నారు. పాత స్నేహం ఎక్కడికి పోతుంది? మర్నాడు సత్యశ్రీ చేత మాస్టారికి ఒక డబ్బా పంపించారు. "మా తాతగారు చెప్పమన్నారండి, ఇది మాత్రం అసలైన పులసంట, రుచి చూసి నేర్చుకోమన్నారు."

స్టాఫ్‌రూములో మాస్టారు మూత తీశారు. ఆవిరి మొహానికి తగిలింది. ఆయన ముక్కు ఒక్కసారి కదిలి ఆగిపోయింది. తొమ్మిదో తరగతి నోటుపుస్తకాలు ఇవ్వడానికి వచ్చిన వినీల గుమ్మంలోనే నిలబడిపోయింది. మాస్టారు చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నారు.

"ఎలా ఉందండి?" అంది సత్యశ్రీ.

"తాతగారికి చెప్పమ్మా. పులసంటే ఇదీ అన్నారు మాస్టారు అని చెప్పు."

సత్యశ్రీ పొంగిపోతూ వెళ్ళింది. గుమ్మంలో వినీల పుస్తకాలు మొహానికి అడ్డం పెట్టుకుంది, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

ఆ చేప పులసో ఇలసో నాకు మాస్టారు ఈనాటికీ చెప్పలేదు. అయితే ముల్లు కూడా వదలకుండా చప్పరించే మనిషి, ఆ రోజు డబ్బాలో మిగిలిన ముక్కలన్నీ నా కంచంలోకి వంచేశారు.